‘పంపేశాం’ అంటే ‘చేరింది’ అని కాదు



ఈ పత్రికలో మీరు సాధారణంగా జ్వరాల గురించి, షుగరు గురించి, పసిపిల్లల టీకాల గురించి చదువుతుంటారు. ఈసారి ఒక యంత్రానికి వచ్చిన జబ్బు గురించి చెప్పబోతున్నాం. మన ఆసుపత్రి నుండి బయటికి వెళ్ళే ఈమెయిళ్ళు కొన్ని వారాలపాటు గంటల తరబడి ఆలస్యమయ్యాయి. యంత్రం జబ్బుతో రోగులకేం పని అనుకోవద్దు. దానివల్ల ఒక పెద్దావిడ ఒక పూటంతా ఏమీ తినకుండా కూర్చోవలసి వచ్చింది. మీలో చాలామంది మన ల్యాబు రిపోర్టులను ఈమెయిల్ ద్వారా తెప్పించుకుంటున్నారు. మీ పిల్లలు హైదరాబాదులోనో, గల్ఫులోనో, అమెరికాలోనో ఉండి అమ్మానాన్నల రిపోర్టుల కోసం ఎదురుచూస్తున్నారు. కనుక జరిగింది జరిగినట్లు మీకు చెప్పడం మా బాధ్యత. మేమంటే ల్యాబు ఎదుట ఉన్న కంప్యూటర్ గదిలో పనిచేసేవాళ్ళం.

ఆ రోజు ఏం జరిగింది

మన ఆసుపత్రిలో చూపించుకునే 68 ఏళ్ళ అమ్మగారికి విజయవాడలో మందు ఎక్కించి తీసే స్కానింగ్ రాశారు. ఆమెకు చాలాకాలంగా షుగరు ఉంది. ఇలాంటివారికి ఆ మందు ఎక్కించే ముందు కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో తెలుసుకోవాలి. అందుకు క్రియాటినిన్ అనే రక్తపరీక్ష చేస్తారు. ముందురోజు సాయంత్రం ఇక్కడ రక్తం ఇచ్చి, మర్నాడు ఉదయం 7 గంటల బస్సుకు కోడలితో కలిసి ఆమె బయలుదేరారు. రిపోర్టు తయారవగానే నేరుగా స్కానింగ్ కేంద్రానికి ఈమెయిల్ చేస్తామని మేము మాట ఇచ్చాం. స్కానింగ్ 12 గంటలకు. పరగడుపున రమ్మన్నారు.

ఉదయం 9:40కి మా ల్యాబు గుమస్తా రిపోర్టు పంపారు. 11 గంటలకు కోడలు ఫోను చేసింది.

“ఇంకా రాలేదంటున్నారండీ.”

“పంపేశామమ్మా. ఇదిగో, ‘సెంట్’ లో కనబడుతోంది. వచ్చేస్తుంది, కూర్చోండి.”

11:15కి మళ్ళీ పంపారు. 11:40కి మూడోసారి పంపారు. కోడలి దగ్గర ఉన్నది బటన్ల ఫోను, దానికి ఫొటో తీసి పంపే వీలు లేదు. 12 దాటింది. అమ్మగారి వంతు వెనక్కి పోయింది. అలవాటు ప్రకారం ఆమె పొద్దున్నే షుగరు మాత్ర వేసుకున్నారు, కడుపులో మాత్రం ఏమీ లేదు. 12:30 ప్రాంతంలో ఆమెకు చెమటలు పట్టి చేతులు వణికాయి. అక్కడి సిస్టరు గమనించి, షుగరు పరీక్షించి, గ్లూకోజు నీళ్ళు తాగించారు. ఆమె తేరుకున్నారు. మేము 9:40కి పంపిన రిపోర్టు మధ్యాహ్నం 2:05కి చేరింది. స్కానింగ్ మర్నాటికి వాయిదా పడింది. మళ్ళీ బస్సు, మళ్ళీ పరగడుపు.

మరుసటి వారం ఆమె మన ఓపీకి వచ్చినప్పుడు మేము వెళ్ళి క్షమించమని అడిగాం. “పోనీలే బాబూ, మీరు పంపామన్నారుగా, అబద్ధం చెప్పలేదుగా” అన్నారామె. ఆ మాట మమ్మల్ని ఇంకా బాధపెట్టింది. మేము అబద్ధం చెప్పలేదు. కానీ మేము చెప్పింది నిజమో కాదో మాకే తెలియదు.

ఈమెయిల్ ఎలా వెళ్తుంది

గుమస్తా ‘పంపు’ మీట నొక్కగానే ఉత్తరం స్కానింగ్ కేంద్రానికి పోదు. మన ఆసుపత్రిలోనే ఉన్న మెయిల్ సర్వరు అనే కంప్యూటరుకు చేరుతుంది. మన ఊరి పోస్టాఫీసు లాంటిదన్నమాట. అక్కడి నుండి సర్వరు అవతలివారి సర్వరును వెతుక్కుని, తలుపు తట్టి, ఉత్తరం అప్పగించాలి. గుమస్తా తెరపై ‘సెంట్’ అని కనబడితే, ఉత్తరం మన పోస్టాఫీసు డబ్బాలో పడిందని మాత్రమే అర్థం. అవతలివారి చేతికి అందిందని కాదు.

ఈ పద్ధతి పేరు ఎస్.ఎం.టి.పి. జాన్ పోస్టెల్ అనే అమెరికా శాస్త్రవేత్త 1982లో దీని నియమాలను ఆర్.ఎఫ్.సి. 821 అనే పత్రంలో రాశారు. ఆనాడు కంప్యూటర్ల మధ్య లైన్లు తరచుగా తెగిపోయేవి. అందుచేత అవతలివారు దొరక్కపోతే ఉత్తరాన్ని పారవేయకుండా, దాచుకుని మళ్ళీ మళ్ళీ ప్రయత్నించాలనే ఏర్పాటు ఇందులో ఉంది. 2008లో వచ్చిన కొత్త నియమాల ప్రకారం కనీసం 4, 5 రోజులు ప్రయత్నించిన తర్వాతే చేతులెత్తేయాలి. మేము వాడే పోస్ట్‌ఫిక్స్ అనే ప్రోగ్రాము కూడా మనం మార్చకపోతే 5 రోజులు ప్రయత్నిస్తుంది.

ఇది మంచి ఏర్పాటే. దీనివల్లనే ఉత్తరాలు తేలికగా పోవు. అయితే ఇందులో ఒక చిక్కు ఉంది. ఉత్తరం దారిలో ఆగిపోయినా, ఆగిందని పంపినవారికి వెంటనే తెలియదు. ఆలస్యమైతే హెచ్చరించే సదుపాయం పోస్ట్‌ఫిక్స్‌లో ఉంది గాని, మనం చెప్పేవరకు అది నిద్రపోతూనే ఉంటుంది. మేము ఎన్నడూ చెప్పలేదు.

ముందు మేము చేసిన తప్పులు

రోగి రాగానే పరీక్ష చేయకుండా మందు రాసే వైద్యుణ్ణి మనం మెచ్చుకోం. మేము మాత్రం మొదటి రెండు రోజులు అదే పని చేశాం.

సర్వరును ఆపి మళ్ళీ మొదలుపెట్టాం. ఒకసారి కాదు, మూడుసార్లు. ఏమీ మారలేదు. తర్వాత, ఆగిన ఉత్తరాలన్నిటినీ ఇప్పుడే పంపమని సర్వరును గదిమే ఆజ్ఞ ఒకటి ఉంటే దాన్ని పది నిమిషాలకొకసారి ఇచ్చాం. ఇలా పదేపదే చేస్తే మిగతా ఉత్తరాలు కూడా నెమ్మదిస్తాయని పోస్ట్‌ఫిక్స్ సూచనల్లోనే హెచ్చరిక ఉంది. మేము దాన్ని తర్వాత చదివాం. ఇంతలో ల్యాబువారు చేరని ప్రతి రిపోర్టునూ రెండేసి, మూడేసి సార్లు పంపుతున్నారు. వరుస ఇంకా పెరిగింది. నొప్పి తగ్గలేదని గంటకొక మాత్ర మింగినట్లయింది మా పని.

మూడో రోజు ఏ మీటా నొక్కకూడదని నిర్ణయించుకుని, చిట్టా తెరిచి చదవడం మొదలుపెట్టాం.

నాలుగు అంకెలు

మెయిల్ సర్వరు తాను చేసే ప్రతి పనినీ ఒక చిట్టాలో రాసుకుంటుంది. ప్రతి ఉత్తరానికీ ఎంత సమయం పట్టిందో సెకన్లలో రాస్తుంది. అంతేకాదు, ఆ సమయాన్ని నాలుగు భాగాలు చేసి చూపిస్తుంది. మన ఆసుపత్రికి వచ్చే రోగి ఉదాహరణతో చెబుతాం.

మొదటి అంకె: ఉత్తరం సర్వరుకు వచ్చినప్పటి నుండి చివరిసారి పంపడానికి వరుసలోకి తీసుకునే వరకు పట్టిన సమయం. ‘తర్వాత రండి’ అనిపించుకుని తిరిగిన తిరుగుళ్ళన్నీ ఇందులోకే వస్తాయి.

రెండో అంకె: వరుసలో నిలబడిన సమయం. ఓపీ బయట బల్ల మీద కూర్చున్నట్లు.

మూడో అంకె: అవతలివారి చిరునామా వెతికి, తలుపు తట్టి, పలకరించి, లోపలికి అనుమతి పొందే సమయం.

నాలుగో అంకె: ఉత్తరాన్ని నిజంగా అప్పగించడానికి పట్టిన సమయం. డాక్టరుగారి గదిలో గడిపిన నిమిషాలన్నమాట.

ఆ అమ్మగారి రిపోర్టు దగ్గర ఈ నాలుగు అంకెలు ఇలా ఉన్నాయి: 15840, 0.2, 31, 0.8. మొత్తం 15872 సెకన్లు, అంటే 4 గంటల 24 నిమిషాలు.

చూడండి, రిపోర్టును అప్పగించడానికి ఒక్క సెకను కూడా పట్టలేదు. వరుసలో నిలబడిందీ లేదు. కనుక ‘లైను స్పీడు చాలదు, కొత్త లైను కొనాలి’ అన్న మాటకు అర్థం లేదు. ‘సర్వరు ముసలిదైపోయింది, కొత్తది కావాలి’ అన్న మాటకూ అర్థం లేదు. ఆ రెండూ అప్పటికే మాలో కొందరు అన్న మాటలే. జబ్బు మొదటి అంకెలో ఉంది. మూడో అంకెలో ఇంకొక చిన్న జబ్బు ఉంది.

‘ఇప్పుడు కాదు, తర్వాత రండి’

మొదటి అంకె అంత పెద్దదైందంటే, అవతలి సర్వరు మన ఉత్తరాన్ని తిప్పి పంపుతూ వచ్చిందన్నమాట. చిట్టాలో వెనక్కి వెళ్ళి చూస్తే ఆ సమాధానాలు దొరికాయి.

సర్వర్లు ఒకదానితో ఒకటి మూడంకెల సంఖ్యలతో మాట్లాడుకుంటాయి. 2తో మొదలైతే ‘సరే, తీసుకున్నాను’ అని. 5తో మొదలైతే ‘వద్దు, మళ్ళీ రావద్దు’ అని. 4తో మొదలైతే ‘ఇప్పుడు కాదు, తర్వాత రండి’ అని. మాకు వచ్చినది 450. దాని పక్కన కారణం కూడా ఉంది: ‘మీ నంబరుకు పేరు కనబడడం లేదు’.

‘తర్వాత రండి’ అనిపించుకున్న సర్వరు వెంటనే వెళ్ళదు. మొదట కనీసం 5 నిమిషాలు ఆగుతుంది. తర్వాత ప్రతిసారీ ఆ గడువును దాదాపు రెట్టింపు చేసుకుంటూ పోతుంది. అది గరిష్ఠంగా 4000 సెకన్ల వరకు, అంటే సుమారు 66 నిమిషాల వరకు పెరుగుతుంది. ఆ అమ్మగారి రిపోర్టు ఏడుసార్లు తిరిగి వచ్చి, ఎనిమిదోసారి లోపలికి వెళ్ళింది.

అయితే ఒక ప్రశ్న మిగిలింది. పేరు లేనందుకే తిప్పి పంపితే, ఎనిమిదోసారి ఎందుకు తీసుకున్నారు? అదే రోజు పంపిన మరికొన్ని రిపోర్టులు వెంటనే ఎలా చేరాయి?

రెండు పుస్తకాలు, ఒక పాత పేజీ

ఇంటర్నెట్‌లో ప్రతి సర్వరుకూ ఒక నంబరు ఉంటుంది, ఒక పేరు ఉంటుంది. పేరు చెబితే నంబరు చెప్పే పుస్తకం ఒకటి. నంబరు చెబితే పేరు చెప్పే పుస్తకం ఇంకొకటి. మొదటి పుస్తకం మన చేతిలో ఉంటుంది. రెండో పుస్తకం మాత్రం ఆ నంబరు మనకు ఇచ్చిన ఇంటర్నెట్ కంపెనీ చేతిలో ఉంటుంది. ఇల్లు మనదే అయినా ఇంటి నంబరు వేసేది మునిసిపాలిటీ అయినట్లు.

దొంగ ఉత్తరాలు పంపే కంప్యూటర్లు చాలావాటికి రెండో పుస్తకంలో సరైన పేరు ఉండదు. అందుకే చాలా సర్వర్లు, కొత్తవారెవరైనా తలుపు తడితే ముందు ఆ పుస్తకం చూస్తాయి. 2024 ఫిబ్రవరి నుండి గూగుల్ కూడా జీమెయిల్‌కు ఉత్తరాలు పంపే ప్రతి సర్వరుకూ ఈ రెండు పుస్తకాల్లోనూ సరైన పేరు ఉండాలని నియమం పెట్టింది. ఇది తప్పేమీ కాదు. మన గేటు దగ్గర వాచ్‌మన్ పేరు అడగడం లాంటిదే.

ఈ గొడవ మొదలవడానికి కొద్ది వారాల ముందు మన ఆసుపత్రికి ఇంటర్నెట్ లైను మారింది. కొత్త కంపెనీ, కొత్త నంబరు. మన పేరును రెండో పుస్తకంలో రాయమని ఆ కంపెనీకి చెప్పాం. రాశామన్నారు. మేము ఒకసారి అడిగి చూస్తే పేరు కనబడింది. సరే అనుకుని వదిలేశాం.

ఇప్పుడు మళ్ళీ అడిగాం. ఈసారి ఒక్కసారి కాదు, పదిసార్లు. కొన్నిసార్లు పేరు వచ్చింది, కొన్నిసార్లు ‘అలాంటి పేరు లేదు’ అని వచ్చింది. అప్పుడు అసలు సంగతి తెలిసింది. ఆ పుస్తకానికి రెండు ప్రతులు ఉన్నాయి. ఒకటి పాడైతే రెండోది పనికొస్తుందని కంపెనీవారు రెండు కంప్యూటర్లలో ఉంచుతారు. మన పేరు మొదటి ప్రతిలో చేరింది, రెండో ప్రతిలో చేరలేదు. ఎవరైనా మొదటి ప్రతిని చూస్తే మన ఉత్తరం వెంటనే లోపలికి వెళ్తుంది. రెండో ప్రతిని చూస్తే తిరిగి వస్తుంది. పైగా ఒకసారి ‘పేరు లేదు’ అని విన్న సర్వరు ఆ మాటను కొంతసేపు గుర్తుపెట్టుకుంటుంది. ఆ సమయంలో మనం ఎన్నిసార్లు వెళ్ళినా అదే జవాబు.

ఏడుసార్లు తిరిగి ఎనిమిదోసారి లోపలికి వెళ్ళడానికి కారణం ఇదే. చలిజ్వరం లాగా వచ్చిపోయే జబ్బు కనుకనే మాకు ఇన్నాళ్ళు చిక్కలేదు. జ్వరం లేని వేళ చూసి ఆరోగ్యంగా ఉన్నారనుకున్నాం.

ముప్పై సెకన్ల జబ్బు

మూడో అంకె 31 గుర్తుందా? తలుపు తట్టి లోపలికి వెళ్ళడానికి 31 సెకన్లు పట్టింది. సాధారణంగా అది ఒకటి రెండు సెకన్లకు మించదు. చిట్టాలో చాలా ఉత్తరాల దగ్గర ఈ అంకె 30కి కాస్త పైనే ఉంది. ఇన్నిచోట్ల ఒకే అంకె కనబడితే అది రద్దీ వల్ల కాదు. ఎవరో ఎవరికోసమో కచ్చితంగా 30 సెకన్లు ఎదురుచూస్తున్నారన్నమాట. పోస్ట్‌ఫిక్స్ ఒక తలుపు తట్టి 30 సెకన్లు చూసి, జవాబు రాకపోతే ఇంకొక తలుపుకు వెళ్తుంది.

ఇంటర్నెట్ నంబర్లలో పాత రకం, కొత్త రకం ఉన్నాయి. కొత్త రకాన్ని ఐపీవీ6 అంటారు. కొత్త లైనుతోపాటు మన సర్వరుకు ఐపీవీ6 నంబరు కూడా వచ్చింది. కానీ ఆ దారి మధ్యలో మూసుకుపోయి ఉంది. సర్వరుకు ఆ సంగతి తెలియదు. ఆ దారిన వెళ్ళి, 30 సెకన్లు నిలబడి, అప్పుడు పాత దారిన వెళ్తోంది.

ముప్పై సెకన్లు ఏపాటి అనుకోవచ్చు. మన సర్వరు ప్రతి ఉదయం 9 గంటలకు ఓపీ గుర్తు చేసే ఉత్తరాలు సుమారు 600 పంపుతుంది. వాటిలో చాలావరకు ఒకే పెద్ద మెయిల్ కంపెనీకి వెళ్తాయి. ఒకే చోటికి ఒకేసారి 20కి మించి పంపకూడదని పోస్ట్‌ఫిక్స్‌లో ముందే ఒక హద్దు ఉంటుంది. 600 ఉత్తరాలు 20 చొప్పున అంటే 30 విడతలు. విడతకు 30 సెకన్లయితే 15 నిమిషాలు. ఆ సమయంలో అదే కంపెనీ చిరునామాకు ఎవరైనా రక్తపరీక్ష రిపోర్టు పంపితే అది ఈ 600 ఉత్తరాలతో కలిసి వరుసలో నిలబడాలి. ఓపీ చీటీల వరుసలో అత్యవసర రోగిని నిలబెట్టినట్లు.

చేసిన వైద్యం

జబ్బు తెలిశాక వైద్యం పెద్దదేమీ కాలేదు. కొత్తగా ఏ యంత్రమూ కొనలేదు.

మొదటిది, ఇంటర్నెట్ కంపెనీకి ‘మెయిల్ నెమ్మదిగా ఉంది’ అని కాకుండా, ‘మీ రెండు ప్రతుల్లో ఫలానా దానిలో మా పేరు లేదు, ఇవిగో రుజువులు’ అని రాశాం. అంతకు ముందు రెండుసార్లు ఫోను చేస్తే ‘మా వైపు అంతా బాగానే ఉంది’ అన్నారు. రుజువులు పంపిన తర్వాత సరిచేశారు. పాత జవాబును గుర్తుపెట్టుకున్న సర్వర్లు మరచిపోవడానికి ఒక రోజు ఆగాం.

రెండోది, ఐపీవీ6 దారి బాగయ్యేవరకు పాత దారినే వెళ్ళమని సర్వరుకు చెప్పాం. మూడో అంకె ఆ రోజే ఒక సెకనుకు దిగింది.

మూడోది, మన పేరు మీద ఉత్తరాలు పంపే హక్కు ఏ నంబర్లకు ఉందో తెలిపే జాబితా ఒకటి ఉంటుంది. దాన్ని ఎస్.పి.ఎఫ్. అంటారు. అందులో ఇంకా పాత నంబరే ఉంది. కొన్ని రిపోర్టులు చేరినా స్పామ్ పెట్టెలో పడుతున్నది ఇందుకే కావచ్చని దాన్ని కూడా సరిచేశాం.

నాలుగోది, ఓపీ గుర్తు చేసే ఉత్తరాలను రాత్రి 8 గంటలకు మార్చాం. పగలంతా దారి రిపోర్టులకే.

ఐదోది, ఉత్తరం గంట దాటి ఆగితే పంపినవారికి హెచ్చరిక వచ్చే ఏర్పాటును నిద్రలేపాం.

ఇప్పుడు విజయవాడకు రిపోర్టు రెండు మూడు సెకన్లలో చేరుతోంది. రోజూ ఉదయం 8 గంటలకు వరుసలో ఎన్ని ఉత్తరాలు ఆగి ఉన్నాయో చూసి, వార్డులో టెంపరేచరు చార్టు రాసినట్లు ఒక పుస్తకంలో రాస్తున్నాం. అంకె పెరిగితే అదే రోజు కారణం వెతుకుతాం.

సొంత సర్వరు ఎందుకు, బయటి కంపెనీకి అప్పగిస్తే పోలేదా అని కొందరు అడిగారు. అది కూడా మంచి మార్గమే, చాలా ఆసుపత్రులు అలాగే చేస్తున్నాయి. సొంత సర్వరు ఉంటే ఏ ఉత్తరం ఎక్కడ ఆగిందో మనమే చూడగలం. కానీ చూడగలగడం వేరు, చూడడం వేరు. రోజూ చూసే మనిషి లేకపోతే సొంత సర్వరు పెట్టుకోకూడదు. ఈ పాఠం మేము ఒక పెద్దావిడ ఆకలితో నేర్చుకున్నాం.

యంత్రం కన్నా ముఖ్యమైన మార్పు

పైన చెప్పినవన్నీ చేసినా ఈమెయిల్ ఇంత సమయంలో చేరుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. దాని నియమాల్లోనే అలాంటి హామీ లేదు. ఆలస్యమైనా పోకుండా చేర్చడానికి చేసిన ఏర్పాటు అది. కనుక వేళకు అందకపోతే రోగికి కష్టం కలిగే రిపోర్టును ఈమెయిల్ ఒక్కదానికే అప్పగించకూడదని నిర్ణయించుకున్నాం.

ఇప్పుడు అలాంటి రిపోర్టు పంపగానే మా గుమస్తా అవతలి డాక్టరుగారికి లేదా సిస్టరుకు ఫోను చేస్తారు. రోగి పేరు, వయసు, పరీక్ష, ఫలితం చదివి వినిపిస్తారు. విన్నవారు తిరిగి చదివి చెప్పాలి. ఎవరు విన్నారో, ఎన్ని గంటలకో పుస్తకంలో రాస్తారు. ‘పంపాం’ అన్న మాట మా ల్యాబులో మానేశాం. ‘చేరిందా?’ అని అడిగి, ‘చేరింది’ అని విన్న తర్వాతే ఆ పని పూర్తయినట్లు లెక్క.

మీరు గుర్తుంచుకోవలసినవి

1. రిపోర్టు రాకపోతే ముందు మీ స్పామ్ పెట్టె చూడండి. తర్వాత, మీరు మాకిచ్చిన చిరునామాలో అక్షరం తప్పు లేదేమో చూడండి.

2. మీ మెయిల్ పెట్టె నిండిపోతే కొత్తవి రావు. జీమెయిల్‌లో ఉచితంగా ఇచ్చే 15 జీబీ స్థలంలోనే మీ ఫొటోలు, దాచుకున్న ఫైళ్ళు కూడా లెక్కకు వస్తాయి.

3. ‘మళ్ళీ పంపండి’ అని పదేపదే అడగకండి. ‘చేరిందో లేదో చిట్టాలో చూసి చెప్పండి’ అని అడగండి. ఇప్పుడు మేము నిమిషంలో చెప్పగలం.

4. స్కానింగ్ బొమ్మలను ఈమెయిల్‌లో పంపమని అడగకండి. జత చేసిన ఫైలు దారిలో దాదాపు మూడో వంతు పెరుగుతుంది. జీమెయిల్ నుండి పంపే ఉత్తరానికి హద్దు 25 ఎంబీ. బొమ్మలను సీడీలోనో, పెన్‌డ్రైవ్‌లోనో తీసుకువెళ్ళండి.

5. దూరదేశాల్లో ఉన్న పిల్లలకు: ఉత్తరం ఆలస్యంగా వచ్చిందనిపిస్తే, కంప్యూటరులో జీమెయిల్ తెరిచి ‘షో ఒరిజినల్’ నొక్కండి. ఎప్పుడు బయలుదేరింది, ఎన్ని సెకన్లకు చేరింది అక్కడే కనబడుతుంది. కింద ‘రిసీవ్డ్’ అనే వరుసలు ఉంటాయి. వాటిని కింది నుండి పైకి చదవాలి. మన దేశపు సమయం పక్కన +0530 అని ఉంటుంది, మీ దేశపు సమయంతో కలిపి లెక్క తప్పకండి. ఆ పేజీని మాకు పంపితే మాకెంతో సహాయం.

6. వేరే ఊరికి పరీక్షకు వెళ్ళేటప్పుడు, వీలైతే రిపోర్టు కాగితం చేతిలో పెట్టుకునే బయలుదేరండి. ఒక పూట ఆగి వెళ్ళడం అక్కడ ఒక పూట కూర్చోవడం కన్నా నయం.

7. షుగరు ఉన్నవారికి ఒక మాట. పరగడుపున రమ్మన్నప్పుడు, ఆ ఉదయం మాత్రగాని, ఇన్సులిన్‌గాని వేసుకోవాలా వద్దా అని ముందురోజే డాక్టరుగారిని అడగండి. చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం మొదలైతే పరీక్ష పోతుందేమోనని ఓర్చుకోవద్దు. వెంటనే పక్కనున్న సిస్టరుకు చెప్పండి. పరీక్ష రేపైనా చేయించుకోవచ్చు.

ఆ అమ్మగారి స్కానింగ్ మర్నాడు సవ్యంగా జరిగింది. మొన్న మళ్ళీ రక్తపరీక్షకు వచ్చారు. కోడలు మా కిటికీ దగ్గర ఆగి, “ఈసారి కాగితం మా చేతికే ఇచ్చేయండి” అంది నవ్వుతూ. ఇచ్చాం. ఈమెయిల్ కూడా చేశాం. ఫోను కూడా చేశాం.